హాస్యకథాభాగ విమర్శనము

అలంకారశాస్త్రమునందు హాస్యరసమునకు లభించిన చోటు మిక్కిలి కొంచెము. శృంగారమునకు సంభోగ విప్రలంభములను, వానికి మరల శాఖోపశాఖలను గల్పించి, వీరమును నాలుగు విధములుగా విభజించిన మన లాక్షణికులు హాస్యమునకు వచ్చునప్పటికి ఆఱు తెఱఁగుల నవ్వులను బేర్కొని, విదూషకుని వికృతవేషమును వర్ణించి, ముందునకు సాగిపోయిరి. లక్షణము స్వల్పమగుటచే విమర్శయు స్వల్పమయ్యెను. ప్రహసనములను జదివి నవ్వితిమి గాని యేల నవ్వితిమో విచారింపమైతిమి. నేఁడు ఇంటింటను జూడఁబడుచున్న రూపకజాతులలో టెలివిజను హాస్యకథ యొకటి. అది యొక్క పర్యాయము ప్రదర్శింపఁబడి ముగియునది గాదు. వారమున కొక భాగముగా ఏండ్ల తరబడి సాగునది. ఇంగ్లండు, అమెరికా దేశములలో ఈ భాగములను వెనువెంటనే పరిశీలించి, తమ తీర్పును జదువరుల ముందుంచి, వారి యాక్షేపములకు సమాధానము చెప్పు విమర్శకవర్గ మొకటి యేర్పడినది. ఈ పద్ధతి విమర్శ యను పేరున కర్హమగునా, యగునేని మన శాస్త్రపరిభాషలో దాని కాధారము కలదా, మన పాఠశాలలకు దానివలన నేమి ప్రయోజనము అను మూఁడు విషయములు ఈ వ్యాసమున విచారింపఁబడును.

లండను నగరపు 'అబ్జర్వర్' పత్రికలో 1972 మొదలు 1982 వఱకు క్లైవ్ జేమ్స్ వారము వారము వ్రాసిన టెలివిజను విమర్శలు ప్రసిద్ధములు. ఆ విమర్శ స్వయముగా హాస్యరచన. ఒక్కొక్క భాగమునకు వ్యాఖ్య వ్రాయుట దాని యుద్దేశము గాదు. భాగశః వ్యాఖ్యానించు మార్గము తరువాత వచ్చినది. అమెరికాలో న్యూజెర్సీ రాష్ట్రపు 'స్టార్ లెడ్జర్' పత్రికయందు 1996 మొదలు 2010 వఱకు పనిచేసిన ఆలన్ సెపిన్‌వాల్ ఈ మార్గమును వ్యాప్తికిఁ దెచ్చినవారిలో ముఖ్యుఁడు. భాగము ప్రసారమైన వెంటనే దానిపై వ్రాయుట, చదువరులు చెప్పినదానిని వినుట, వలసినచో వారితో వాదించుట యతని పద్ధతి. మాట్ జోలర్ సైట్జ్ తోఁ గలసి యతఁడు 2016లోఁ బ్రకటించిన గ్రంథమున అమెరికా టెలివిజను కథలకుఁ దారతమ్యము నిర్ణయించి, ప్రథమస్థానమును 'ది సింప్సన్స్' అను హాస్యకథకే యిచ్చిరి. గంభీరకథ లెన్నియో యుండఁగా హాస్యమునకు అగ్రపీఠము లభించుట గమనింపఁదగినది. దినదినమును హాస్యమును బరిశీలించిన కన్నులకే యట్టి తీర్పు సాధ్యమగును.

ఈ పద్ధతిపై మూఁ డాక్షేపములు పుట్టుచున్నవి. మొదటిది: కృతి సమాప్తము కాకమునుపే తీర్పు చెప్పుట తగదు, ఉపక్రమోపసంహారముల నరయక తాత్పర్యనిర్ణయము చేయరాదని మీమాంసకుల మతము గదా. రెండవది: నవ్వు తర్కమునకు లొంగదు, నవ్వు వచ్చినవానికి వివరణ మక్కఱలేదు, రానివానికి వివరణమువలనఁ బ్రయోజనము లేదు. మూఁడవది: శాస్త్రజ్ఞుఁడు సామాన్యులతో వాదమునకు దిగినచో విమర్శ సంతగోలగా మాఱును. వీనిని వరుసగాఁ బరిశీలింతము.

మొదటి యాక్షేపము ప్రబంధమునకుఁ జెల్లును గాని ముక్తకమునకుఁ జెల్లదు. అమరుకుని యొక్కొక్క ముక్తకము ప్రబంధమువలె రసము నొలికించునని ఆనందవర్ధనుని ప్రశంస. దానిని ఆస్వాదించుటకు శతకమంతయుఁ జదువవలసిన పనిలేదు. హాస్యకథాభాగము ఈ ముక్తకజాతిలోనిదే. పాత్రలు స్థిరములు, స్థలము స్థిరము, స్వభావములు స్థిరములు. ప్రతి వారమును గలఁత యొకటి పుట్టి, పెరిగి, ఆ వారమే యణఁగిపోయి, పాత్రలు మొదటి యవస్థకే మరలివచ్చును. గంభీరకథలో నాయకుఁడు మాఱకున్న దోషము; హాస్యకథలో నతఁడు బుద్ధిమంతుఁడుగా మాఱినచో మఱుసటి వారము కథయే లేదు. కావున భాగమే యిచటఁ బూర్ణకృతి, భాగవిమర్శయే సహజవిమర్శ.

ఉదాహరణము చూడుఁడు. అమెరికాలో 1989 మొదలు 1998 వఱకు నడచిన 'సైన్‌ఫెల్డ్' అను కథలో 1991 మేనెలయందు ప్రసారమైన యొక భాగమున జరుగున దేమియు లేదు. మువ్వురు మిత్రులు చైనా భోజనశాల ముంగిట బల్లకొఱకు వేచియుందురు. ఆఁకలిగొందురు, విసిగెదరు, భోజనశాలవానిని బ్రతిమాలెదరు. తుదకు విసిగి వెడలిపోవుదురు. వారట్లు వెడలినంతనే వారి పేరు పిలువఁబడును. మన నాటకలక్షణమున ఆరంభము, యత్నము, ప్రాప్త్యాశ, నియతాప్తి, ఫలాగమము అను నైదు కార్యావస్థలు గలవు. ఈ భాగమున నైదును గలవు. ఫలాగమము కూడఁ గలదు. అయితే ఫలము వచ్చునప్పటికి నాయకుఁడు లేఁడు. శాస్త్రోక్తమైన చట్టమంతయు నిలిపి, కడపటి మేకును మాత్రము తొలఁగించుటచేత హాస్యము పుట్టినది. ఈ మాట చెప్పుటకు తక్కిన భాగముల సహాయ మేమియు నక్కఱలేదు.

రెండవ యాక్షేపము నవ్వునకు హేతువు లేదను భ్రమపై నాధారపడినది. హాస్యమునకు విభావములను భరతుఁడు వికృతవేషము, ధార్ష్ట్యము, లౌల్యము, అసత్ప్రలాపము మున్నగునవిగాఁ బేర్కొనెను. అభినవగుప్తుఁడు వీని నన్నింటిని ఒక్క సూత్రమునఁ గూర్చి, అనౌచిత్యమే హాస్యవిభావమని తేల్చెను. ఏ రసమైనను అనుచితస్థానమునఁ బ్రవర్తించినచో ఆభాసమై హాస్యమునకు దారితీయును. ఇది గొప్ప సిద్ధాంతము. నవ్వినవాఁడు తెలిసియో తెలియకయో ఒక యౌచిత్యమును మనస్సునందుంచుకొని, దానికి భంగము గలిగినదని గ్రహించుచున్నాఁడు. ఆ యౌచిత్య మేది, భంగ మెక్కడ, భంగపఱచినవాఁ డెవఁడు అని చూపుటయే విమర్శకుని పని. ఇది తర్కమునకు లొంగు పనియే.

ఇంగ్లండు బి.బి.సి. వారు 1980 మొదలు 1984 వఱకు 'యెస్ మినిస్టర్' అనియు, 1986 మొదలు 1988 వఱకు 'యెస్, ప్రైమ్ మినిస్టర్' అనియు ప్రసారము చేసిన కథ 38 భాగములు గలది. ఆంటొనీ జే, జోనతన్ లిన్ అనువారు రచయితలు. మంత్రి హ్యాకరు, అతని శాఖాకార్యదర్శి సర్ హంఫ్రీ, మంత్రి యాంతరంగిక కార్యదర్శి బెర్నార్డు అను మువ్వురు ప్రధానపాత్రలు. 1981లోఁ బ్రసారమైన యొక భాగమున క్రొత్త యాసుపత్రి యొకటి కలదు. అందు ఐదువందలకుఁ బైఁబడిన సిబ్బంది కలరు. పదునైదు నెలలుగా ఒక్క రోగియు లేఁడు. కార్యదర్శికిది లోపముగాఁ దోఁపదు. ఆ యాసుపత్రి దేశమునఁ జక్కఁగా నడచువానిలో నొకటియని, శుభ్రతలో బహుమానమున కర్హమని సమర్థింపఁబడును. రోగులు లేకుండుటచేతనే గదా యంతటి శుభ్రత!

వీథ్యంగములు పదుమూఁటిలో మృదవ మొకటి. దోషములు గుణములుగాను, గుణములు దోషములుగాను జెప్పఁబడుట దాని లక్షణము. ఈ యాసుపత్రి ప్రసంగము మృదవమునకుఁ బాఠ్యపుస్తకములలోఁ జేర్పఁదగిన యుదాహరణము. ఇచట భంగమైన యౌచిత్యము సాధ్యసాధనములకు సంబంధించినది: ఆసుపత్రి రోగికొఱకు గాని రోగి యాసుపత్రికొఱకు గాఁడు. కార్యదర్శి యబద్ధ మాడలేదు. అతఁడు చెప్పిన ప్రతి మాటయు నిజమే. ప్రయోజనము మాత్రము జాఱిపోయినది. సర్ హంఫ్రీ వాక్యములను నైయాయికులు చూచినచో ఛలమని గుర్తింతురు. నవకంబలశబ్దమున నవశబ్దమునకుఁ గ్రొత్తదను నర్థమును విడిచి తొమ్మిది యను నర్థమును బట్టి వాదించుట వాక్ఛలమని గౌతమీయము చదివిన బాలుఁ డెఱుఁగును. ఆ కార్యదర్శి దేశపరిపాలన నంతను నవకంబలన్యాయమున నడపుచున్నాఁడు. మన గురుకులములలో దోషముగా నేర్పిన ఛలము అచ్చట రసమునకు సాధనమైనది.

బెర్నార్డు పాత్ర వైయాకరణులకుఁ బ్రత్యేకముగా రుచించును. మంత్రి యుద్రేకమున రెండు మూఁడు రూపకములను గలగాపులగము చేసి మాటాడినప్పుడు, రాజ్యము మునుఁగుచున్నను లెక్కింపక, ఆ రూపకముల కన్వయము కుదురదని యతఁడు వినయముతో సవరించును. సవరణ సరియైనదే, సమయము సరియైనది గాదు. శుద్ధపదజ్ఞాన మనుచితకాలమునఁ బ్రయుక్తమైనచో హాస్యాస్పదమగునని మనబోఁటివారికిఁ దెలుపు పాత్ర యిది. దానిఁ జూచి కోపింపక నవ్వఁగలిగిన పండితునకు హాస్యరసాధికారము కలదని చెప్పవచ్చును. ఆత్మస్థము, పరస్థము అని భరతుఁడు హాస్యమును రెండుగా విభజించెను. ఆచార్యుల వివరణములు భిన్నములైనను, తనయందలి వైకృతమును దానే కాంచి నవ్వుట యుత్తమసంస్కారమునకు గుఱుతు.

వివరించిన హాస్యము చచ్చునను మాటకుఁ గూడ నిచటనే సమాధానము చెప్పవచ్చును. హాసము లౌకికభావము; హాస్యము రసము. మొదటి పర్యాయము చూచినప్పుడు ఆకస్మికత్వముచేతఁ బుట్టు నవ్వు హాసమే కావచ్చును. అదే భాగమును మూఁడవ పర్యాయము చూచుచు, రానున్న మాటను ముందే యెఱిఁగియుండియు, నవ్వువానికి ఆకస్మికత్వము కారణము గాదు. పాత్రస్వభావమును, మాటల యమరికను, భంగమైన యౌచిత్యమును ఒక్కసారి గ్రహించుటవలనఁ గలిగిన చర్వణయే కారణము. విమర్శకుని వివరణము ఈ రెండవ నవ్వునకుఁ దోడ్పడును. వివరణముతోఁ జచ్చు హాస్యమున్నచో అది మొదటినుండియు అల్పప్రాణమే.

ఇఁక మూఁడవ యాక్షేపము. పండితుఁడు సామాన్యునితో వాదింపరాదను వారికి మహాభాష్యమునుండియే యొక కథ చూపెదను. ఒక వైయాకరణుఁడు రథమును జూచి, దీని 'ప్రవేత' యెవఁడని యడిగెను. సూతుఁడు, నేనే 'ప్రాజిత' నని బదులు చెప్పెను. అది యపశబ్దమని వైయాకరణుఁ డాక్షేపించెను. నీవు సూత్రప్రాప్తి నెఱుఁగుదువు గాని యిష్టి నెఱుఁగవని సూతుఁడు మందలించెను. కోపించిన వైయాకరణుఁడు వానిని దిట్టఁబోయి మరల తప్పుపదము వాడఁగా, సూతుఁడు దానినిఁ గూడ సవరించెను. పతంజలి ఈ కథను దాఁచలేదు. తన శాస్త్రమునకు నిందయనియుఁ దలంపలేదు. భాష్యమంతయు నాక్షేప సమాధానరూపమైన సంవాదమే. ప్రయోగ మెఱిఁగినవాఁడు సూత్ర మెఱిఁగినవానికి గురువు కావచ్చునని భాష్యకారుఁడే యంగీకరించినప్పుడు, చదువరితో మాటాడుట విమర్శకునకు న్యూనత యెట్లగును?

హాస్యవిషయమున నీ సంవాదము శోభకొఱకుఁ గాదు, ప్రమాణముకొఱకు. అనౌచిత్యము విభావమైనచో, ఔచిత్యము దేశకాలజాతులనుబట్టి మాఱును గావున, ఒక్కని నవ్వు సాక్ష్యమునకుఁ జాలదు. వ్యంజనకు వక్తృవిశేషమును, బోద్ధవ్యవిశేషమును, కాకువును, దేశకాలములను హేతువులుగా మమ్మటుఁడు పేర్కొనెను. వక్త యభిప్రాయ మొక్కటే యర్థమును నిర్ణయింపదు. వినువాఁ డెవఁడను ప్రశ్నయుఁ గలదు.

ఇందులకు 'ఫాల్టీ టవర్స్' అను నింగ్లీషు కథ నిదర్శనము. జాన్ క్లీజ్, కానీ బూత్ రచించిన యీ కథ 1975, 1979 సంవత్సరములలో ఆఱేసి చొప్పున పండ్రెండు భాగములుగా మాత్రమే ప్రసారమైనది. 1975 అక్టోబరులో వెలువడిన యొక భాగమున వసతిగృహయజమాని జర్మను అతిథులముందు యుద్ధప్రస్తావన రాఁగూడదని నిశ్చయించుకొని, నోరు విప్పినప్పుడెల్ల యుద్ధమునే తలపెట్టును. ఆ భాగముననే మేజరను వృద్ధుఁడు భారతీయులను, వెస్టిండీసువారిని గూర్చి యవమానపదములు పలుకును. 2020 జూనులో ఆ భాగమును ఒక ప్రసారసంస్థ తన సేవనుండి తొలఁగించి, విమర్శలు రాఁగా, హెచ్చరికతో మరలఁ జేర్చినది. పరిహాసమునకు గుఱియైనది మేజరే గాని యతఁడు నిందించిన జనులు గారని రచయిత వాదము.

రచయిత వాదము యుక్తమే. వసతిగృహయజమాని విషయమున నది మఱింత స్పష్టము. భాగమున కడపటి మాట జర్మను అతిథి నోటనే వచ్చును. ఇట్టివారు యుద్ధమున నెట్లు గెలిచిరో యని యతఁడు విస్తుపోవును. నవ్వు జర్మనులపైఁ గాదు, యుద్ధము ముగిసి ముప్పదియేండ్లైనను యుద్ధమును విడువలేని యింగ్లీషువానిపైనని రచన తనంతఁ దానే నిర్ణయించుచున్నది. మేజరు మాటలకు మాత్ర మట్టి ప్రతిక్రియ లేదు. ఆ పదము నిజముగా వీథిలోఁ దనపై విసరఁబడఁగా విన్న భారతీయునకు వ్యంజన తోఁచుటకు ముందే యభిధ గ్రుచ్చుకొనును. అట్టి చదువరి మాటను రసజ్ఞత లేనిదని త్రోసివేయుట విమర్శ గాదు. అతని నొవ్వు కూడ బోద్ధవ్యవిశేషమే. అట్లని భాగమును దాఁచుటయు సరిగాదు. దాఁచినదానిఁ గూర్చి విచారము సాగదు. హెచ్చరిక వ్యాఖ్యాత యవతారికవంటిది. మూలమును మూలముగానే యుంచి, ముందొక మాట చెప్పుట మన వ్యాఖ్యాతలకుఁ గ్రొత్తగాదు. నిలుపుటకును దొలఁగించుటకును నడుమ నీ మార్గము గలదని చూపుటకే విమర్శకుఁడు కావలెను.

ఇది దూరదేశపు తగవని తలంపరాదు. 1892లోఁ బ్రదర్శితమై, 1897లో ముద్రితమై, 1909లోఁ బెంచి వ్రాయఁబడిన కన్యాశుల్కమును మన పాఠశాలలలో బోధించుచునే యున్నాము. గిరీశమును జూచి నవ్వవలెనా, గిరీశముతోఁ గూడి నవ్వవలెనా యను ప్రశ్న తరగతిలో నెన్నఁడైనను వేయుచున్నామా? అతని వాక్చాతుర్యమునకు మురిసి, అతఁడు వంచించినవారిని మఱచి నవ్వు విద్యార్థి యొకఁడు. ఆ చాతుర్యమునే వంచనగా గ్రహించి నవ్వు విద్యార్థి మఱొకఁడు. ఇరువురి నవ్వు చెవికొక్కటియే. వారిని మాటాడింపనిదే భేదము దెలియదు.

చదువరుల సాక్ష్యమును యంత్రముచేతఁ గల్పించుట కూడఁ గలదు. అమెరికాలో 1950 దశాబ్దమున చార్లెస్ డగ్లస్ అను నతఁడు ముందే ముద్రించియుంచిన నవ్వులను వలసినచోట వినిపించు పెట్టెను నిర్మించెను. అది పెక్కు హాస్యకథలలో వాడఁబడెను. సామాజికుఁడు లేకయే సామాజికుని నవ్వు! కొరియా యుద్ధమునాఁటి సైనికవైద్యశాల నాశ్రయించి 1972 మొదలు 1983 వఱకు నడచిన 'మాష్' అను కథకుఁ బ్రసారసంస్థ యీ కృత్రిమహాసమును నియమించినది. రచయితలకది యిష్టము గాదు. తుదకు శస్త్రచికిత్స గదిలోని ఘట్టములకు నవ్వు వినిపింపరాదని యేర్పాటయ్యెను.

ఆ కథలో 1975 మార్చి 18వ తేదిని బ్రసారమైన భాగమున సేనాధికారియైన బ్లేక్ విడుదల పొంది యింటికిఁ బయనమగును. వీడ్కోలు నవ్వులతో సాగును. కడపట శస్త్రచికిత్స జరుగుచున్న గదిలోనికి వార్త వచ్చును: అతని విమానము కూల్పఁబడినది, ఎవరును బ్రదుకలేదు. అనేకులు కోపించి లేఖలు వ్రాసిరి. నవ్వించుటకుఁ బిలిచి యేడిపించితిరని వారి యభియోగము. హాస్యమునకుఁ గరుణము విరోధియని సాహిత్యదర్పణకారుఁడును జెప్పెను గావున, ఆ లేఖలకు శాస్త్రబలము లేకపోలేదు. అయినను అంగాంగిభావమున్నచో విరోధము పరిహృతమగునని ధ్వనికారుని వ్యవస్థ. యుద్ధవైద్యశాలలో అంగిరస మేది? గాయపడినవారు వచ్చుచునే యుందురు. వైద్యులు సహించుకొనుటకు నవ్వుచున్నారు. కరుణమే నేల, హాస్యము దానిపై మొలచినది. నవ్వు వినఁబడని గదిగా చూపరులకు మూఁడేండ్లనుండి యలవాటైన చోటికే యా వార్త వచ్చుట యాకస్మికము గాదు. ఇట్లు చూపిన విమర్శకుఁడు చదువరి కన్నీటిని నిందింపఁడు; అది యెచ్చటినుండి వచ్చినదో తెలుపును.

చదువరుల సంఖ్యయే ప్రమాణ మనుట మాత్రము నా మతము గాదు. పైఁ బేర్కొన్న 'సైన్‌ఫెల్డ్' కథ కడపటి భాగము 1998 మే 14వ తేదిని బ్రసారమయ్యెను; అమెరికాలో దానిఁ జూచినవారు సుమారు 7 కోట్ల 60 లక్షలు. అందుఁ బ్రధానపాత్రలు నలువురును ఆపన్నునకుఁ దోడ్పడనందుకు న్యాయస్థానమునఁ దీర్పునకు లోనై కారాగారముఁ జేరుదురు. పూర్వభాగములలో వారిచే నొచ్చినవారెల్ల వచ్చి సాక్ష్యము చెప్పుదురు. పెక్కుఱకది రుచింపలేదు. ఇన్నేండ్లు తాము మెచ్చి నవ్వినవారిని దండించుట తమ నవ్వును దండించినట్లయ్యెను. నా దృష్టిలో నా భాగము గొప్పది గాకున్నను న్యాయమైన నిర్వహణసంధి. ముక్తకములుగా విడివిడిగ నున్న యపరాధములను ఒక్కచోట బంధించి, ఇవి యొక్కరి చేష్టలే సుఁడీ యని చూపినది. భాగమే పూర్ణకృతి యని మొదట స్థాపించితిని; మాలలోని పూవు పూర్ణమైనను మాలకు ముడి వేఱుగాఁ గలదని యిచటఁ జేర్పవలెను. భాగవిమర్శకుఁడు కడపటి ముడివఱకు నిలిచి, తన వెనుకటి తీర్పులను దానితో సరిచూచుకొనవలెను.

ఆ వివాద మంతటితో నాఱలేదు. కడపటి భాగమును రచించిన లారీ డేవిడ్ తాను నాయకుఁడుగా 2000 మొదలు నడపిన మఱొక కథను 2024 ఏప్రిలులో ముగించుచు, అట్టి న్యాయస్థానమునే మరలఁ గల్పించి, తాను శిక్షింపఁబడి, పిమ్మట విచారణలోని లోపముచే విడుదలయైనట్లు చూపెను. ఇరువదియాఱేండ్ల తరువాత రచయిత ఆక్షేపకులకుఁ జెప్పిన సమాధానముగా దీనిఁ జదువవచ్చును. పశ్చాత్తాపము లేదు; పట్టుదలయుఁ దగ్గలేదు. వార్త్తికమునకు భాష్యమువలె సంవాదము కృతిలోనికే ప్రవేశించినది.

ఈ మార్గమున దోషములును గలవు. తొందర మొదటి దోషము. రాత్రి చూచి తెల్లవాఱకమున్నె వ్రాయువాని వాక్యమున నవ్వు చల్లాఱదు, విచారము వేడెక్కదు. కొందఱు విమర్శకులు ప్రతి భాగమునకుఁ బరీక్షాపత్రములకువలె శ్రేణి నిచ్చుచుందురు. మార్కు లిచ్చిన వెంటనే విద్యార్థి వ్యాఖ్యను జదువుట మానునని బడిపంతుళ్లకు వేఱుగాఁ జెప్పనక్కఱలేదు. చదువరులును మార్కుపైనే తగవులాడుదురు. మూలమున లేనిదానిని వ్రాయనని ప్రతిజ్ఞ చేసిన కోలాచల మల్లినాథుఁ డిట్టివారికి గురువు కావలెను. భాగమున నున్నదానిని చూపుట, భంగమైన యౌచిత్యమును బేర్కొనుట, నవ్వు ఎవరిపైఁ బడుచున్నదో తెలుపుట, నొచ్చినవాని మాటను మెచ్చినవాని మాటతో సమముగా వినుట, తుదకు తన తీర్పును దాను వహించుట విమర్శకునకు విధులని నా యభిప్రాయము.

మన దేశమునకు వత్తము. 'యెస్ మినిస్టర్' కథ 2001లో 'జీ మంత్రీజీ' యను పేర హిందీలోనికి వచ్చినది. ఆ యేఁటనే తెలుగున గుణ్ణం గంగరాజు నిర్మించిన 'అమృతం' జెమినీ టెలివిజనులో నారంభమై 2007 వఱకు నడచినది. ఫలాహారశాల నడపు ఇరువురు మిత్రులు, ఇంటి యజమాని అప్పాజీ, పనివాఁడు సర్వము మున్నగు కొలఁది పాత్రలతో నాఱేండ్లు నవ్వించిన కథ యిది. అమృతరావు పాత్రను శివాజీరాజా, నరేశ్, హర్షవర్ధన్ అను మువ్వురు వేర్వేఱు కాలములఁ బోషించిరి. నటుఁడు మాఱినను పాత్ర నిలిచినది. వ్యక్తిచేతఁ గాక సాధారణీకృతమైన స్వభావముచేతనే రసము పుట్టునను సిద్ధాంతమునకుఁ దెలుగునుండి యింతకంటె సులభమైన నిదర్శనము దొరకదు. అయినను మన పత్రికలలో సినిమాకుఁ గల విమర్శస్థానము టెలివిజను హాస్యమునకు లేదు. పానుగంటివారి సాక్షివ్యాసములను బోధించు పండితుఁడు, విద్యార్థి రాత్రి చూచి నవ్విన భాగమును గూర్చి యొక్క మాటయు నడుగఁడు.

అడుగవలెను. భరతుఁడు విభావములలో వ్యంగదర్శనమును, అనఁగా నవయవలోపమును జూచుటను గూడఁ జేర్చెను. కుంటివానిని, నత్తివానిని, నల్లనివానిని జూపి నవ్వించు మార్గము నేఁటికిని దెఱపై వాడుకలో నున్నది. అది లక్షణమున నున్నదని సమర్థించుట సులభము. అయితే స్మితహసితములను ఉత్తమునకును, అపహసితాతిహసితములను అధమునకును బంచి యిచ్చినవాఁడును భరతుఁడే. నవ్వు నవ్వువాని పదవిని నిర్ణయించును. బాలుఁడు ఎవనిఁ జూచి నవ్వుట నేర్చుకొనునో వానిని రేపు వీథిలో నట్లే చూచును. వ్యాకరణదోషమును దిద్దుటకు జీతము పుచ్చుకొనుచున్న మనము, ఆ నవ్వులోని దోషమును దిద్దకున్న మన విద్య సగమే.

ఆ దిద్దుబాటు నిషేధముచేతఁ గాదు, సంవాదముచేతనే కావలెను. వారమున కొక్క గంట, విద్యార్థులు చూచిన యొక భాగమును దీసికొని, ఏల నవ్వితిరి, ఎవరిపై నవ్వితిరి, నవ్వని వాఁడు తరగతిలో నున్నాఁడా, ఏల నవ్వలేదు అను నాలుగు ప్రశ్నలు వేసినఁ జాలును. నాలుగవ ప్రశ్నకు వచ్చు సమాధానము మన లక్షణగ్రంథములలో లేనిది కావచ్చును. సూతుని మాటను భాష్యమున నిలిపిన పతంజలివలె, దానిని గూడ మన శాస్త్రమునఁ జేర్చుకొనవలసియుండును. విజ్ఞులు ఈ విషయమును విచారింతురు గాక.